ట్రాస్క్ గారి ఓటు, మా ఆయన చేపలు

నేను రిటైరైన రోజున సింగపూర్ సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసులో కేకు కోయడం అయ్యాక, కొత్తగా చేరిన తెనాలి అమ్మాయి శ్రావ్య నా పక్కన చేరి మెల్లగా అడిగింది. "ఆంటీ, ఏమనుకోకండి. ఇన్నేళ్ళూ మీరిక్కడ అసలు ఏం చేసేవారు?"

నేనేమీ అనుకోలేదు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అదే అడిగింది. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్ళో "మా అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమెరికాలో ఒక అంకుల్ గురించి చదువుతుంది" అని వ్యాసం రాస్తే, టీచరు నన్ను పిలిపించి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని ఆరా తీసింది. ఇప్పుడు నా కుర్చీలో శ్రావ్య కూర్చుంటుంది. ఆ పిల్ల కోసం, ఆ పిల్ల తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం పెరగడాలు, హోదా పేరు మారడాలు వదిలేశాను. వాటివల్ల కొత్త విజిటింగ్ కార్డులు వచ్చాయి తప్ప కొత్త బుద్ధి రాలేదు.

ఒక మనిషిని చదవడం

మా కంపెనీ పని ఇదీ. ఇటు ఆసియాలో సరుకు తయారుచేసి అమెరికాలో అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాషింగ్టన్‌లో ఏం జరుగుతోందో వాళ్ళకి టీవీ చెబుతుంది. కానీ అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత చట్టసభ ఉంది. ఆ సభలో, పక్క రాష్ట్రంవాళ్ళు కూడా పేరు వినని ఒకాయన చెయ్యెత్తితే ఇక్కడ ఒక ఫ్యాక్టరీ మూతపడొచ్చు. ఆ చెయ్యి లేస్తుందో లేవదో ముందుగా చెప్పడం మా వృత్తి. మనిషికో రాష్ట్రం చొప్పున పంచేవారు.

నాకు దక్షిణాదిన ఒక రాష్ట్రం వచ్చింది. అక్కడ నేను చదవాల్సిన అసలు మనిషి విల్బర్ ట్రాస్క్ గారు. చిన్న ఊళ్ళో ఇనప సామాను కొట్టు నడుపుకుంటూ, ఊరి కౌన్సిల్లో మొదలుపెట్టి, రాష్ట్ర ప్రతినిధుల సభకి వెళ్ళి, అక్కడే పాతుకుపోయి, చివరికి వ్యవసాయం, అడవులు, చేపలు చూసే కమిటీకి చైర్మన్ అయ్యారు. కరడుగట్టిన సంప్రదాయవాది. పన్నులు వద్దు, తుపాకుల మీద ఆంక్షలు వద్దు, ఆదివారం మద్యం వద్దు, ప్రభుత్వం వీలైనంత చిన్నదిగా ఉండాలి, చర్చి వీలైనంత నిండుగా ఉండాలి. మోటారు సైకిల్ నడిపేవాణ్ణి హెల్మెట్ పెట్టుకోమనే హక్కు ప్రభుత్వానికి లేదని ఆయన చేసిన ప్రసంగమే నేను మొట్టమొదట చదివింది. నేనేమో టాయిలెట్‌లో నీళ్ళు వదలకపోతే జరిమానా వేసే ఊళ్ళో బతుకుతున్నదాన్ని. ఆ ప్రసంగంలో ఏదో అచ్చుతప్పు ఉందనుకుని మళ్ళీ మొదటినుంచి చదివాను.

వాళ్ళ పగలు మన రాత్రి. మనం గుర్రుపెట్టేటప్పుడు వాళ్ళు ఓట్లు వేస్తారు. అందుకని పొద్దున్నే మేముండే వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కి, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముందు రోజు ట్రాస్క్ గారు మాట్లాడింది వింటూ ఆఫీసుకి చేరేదాన్ని. మిగిలిపోతే సాయంత్రం కూర కలుపుతూ వినేదాన్ని. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ రెండో మొగుడు ఇవాళ ఏటంటన్నాడే?" అని అడిగేవాడు.

మా ఆయన పేరు అప్పన్న. మా ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. మేం జొహోర్‌లో పుట్టి, పని కోసం సముద్రం మీద కట్టిన కాజ్‌వే రోడ్డు దాటి ఇటు వచ్చేశాం. ఆయన క్రాంజీలో ఒక చేపల ఫారంలో పనిచేసేవాడు. తినే చేపలు కావు, గాజు తొట్టెల్లో పెట్టుకుని చూసుకునేవి. గప్పీలంటారు. చిటికెన వేలంత ఒళ్ళు, పట్టుచీర కుచ్చిళ్ళంత తోక. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే మా ఆయన వాటితో మాత్రం బాగా కబుర్లు చెప్పేవాడు.

వంతెన

నా బాసు మిస్టర్ లిమ్. రిపోర్టులో ఆఖరి వాక్యం తప్ప ఏదీ చదవని మనిషి. "మేడమ్, యెస్ ఆర్ నో?" అనేవాడు. "పరిస్థితిని బట్టి ఉంటుంది" అని రాస్తే, "పరిస్థితికి ఓటు లేదు, మేడమ్" అని తిప్పి పంపేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు చెబుతున్నాను, ఆయన లాంటి బాసు దొరకడం అదృష్టం. తెలియనప్పుడు పెద్ద మాటల వెనక దాక్కోవడం మా వృత్తికి పట్టిన జబ్బు, దానికి ఆయన దగ్గర మందు ఉండేది.

నా మొదటి పెద్ద పొరపాటు ఒక వంతెన. అప్పు చేసి నది మీద వంతెన కట్టాలని ఆ సభలో బిల్లు వచ్చింది. వంతెనలకి ఉక్కు తాళ్ళు చేసే పెనాంగ్ కంపెనీ ఒకటి, అది పాసవుతుందా అని మమ్మల్ని అడిగింది. ట్రాస్క్ గారు సభలో నిలబడి ఉరిమారు. ఇది మన మనవల నోటికాడ కూడు లాక్కోవడమే అన్నారు. చెమట తుడుచుకున్నారు. బల్ల గుద్దారు. నేను పొంగిపోయి, ఈయన ఓటు కచ్చితంగా వ్యతిరేకం అని రాసిచ్చాను. ఆయన ఆ బల్ల దగ్గరే కూర్చుని అనుకూలంగా ఓటేశారు.

లిమ్ నన్ను తిట్టలేదు. ఆ ఊరి మ్యాప్ కంప్యూటర్ మీద తెరిచి, "వేర్ ఈజ్ హిజ్ షాప్?" అన్నాడు. వెతికాను. వంతెన దిగే చోటికి ఆయన ఇనప సామాను కొట్టు కూతవేటు దూరంలో ఉంది.

"స్పీచ్ ఈజ్ ఫర్ ఎవ్రీబడీ, మేడమ్. ఓట్ ఈజ్ ఫర్ హోమ్," అన్నాడు లిమ్.

అప్పట్నుంచి ప్రసంగాలు తగ్గించి ఆ ఊరి వారపత్రిక చదవడం మొదలుపెట్టాను. చర్చి విందులో ఎవరు ఏం వండారు, ఎవరి గొడ్లసావిడి తగలబడింది, బడి ఫుట్‌బాల్ జట్టు ఎందుకు ఓడింది. ట్రాస్క్ గారికి ఏ మోకాలు నొప్పో, రొయ్యలు ఎందుకు పడవో, కుక్క పేరేమిటో నాకు తెలిసిపోయాయి. మా ఆయన మేనత్త కొడుకుల పేర్లు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండేవి కావు. దాని మీద ఇంట్లో చిన్న చిన్న యుద్ధాలు జరిగాయి.

ప్రార్థించి చూస్తాను

ట్రాస్క్ గారికి ఒక బలహీనత ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి కాదని చెప్పలేరు. తేనెటీగలు పెంచేవాళ్ళో, లైబ్రరీవాళ్ళో వినతిపత్రం పట్టుకుని వస్తే, వాళ్ళ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "దీని గురించి ప్రార్థించి చూస్తాను" అనేవారు. వచ్చినవాళ్ళు మెత్తబడిపోయి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళేవారు. ఆ వినతి మళ్ళీ వెలుగు చూసేది కాదు.

ఇది పట్టుకోవడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చకపోతే మనవాళ్ళు టిఫినంతా తినేసి, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అంటారు కదా. ఆ కబురు కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు, అది రాదని తెలిసినవాళ్ళు ఉంటారు. నేను రెండో రకం ఇంట్లో పుట్టాను. ఈ సంగతి రాసిచ్చాక ట్రాస్క్ గారి మీద నా అంచనా చాలాకాలం తప్పలేదు. లిమ్ నన్ను చైనీస్ న్యూ ఇయర్ భోజనంలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆయనంటే మీకు ఇష్టమా, కోపమా అని చాలామంది అడిగారు. తుపాకుల విషయంలో ఆయనతో నాకు ఏనాడూ కుదరలేదు. ఆయన హెల్మెట్ వద్దన్నాక ఆ ఊరి పత్రికలో వచ్చిన చావు కబుర్లు చదివి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కానీ సభ్యుల జీతాలు పెంచుకునే బిల్లు వచ్చినప్పుడల్లా వద్దన్న మనిషి ఆయనే. ఊళ్ళో విధవరాళ్ళ పెరటి గడ్డి శనివారం పొద్దున తనే కోసి, ఆ మాట ఎన్నికల్లో ఎప్పుడూ వాడుకోలేదు. ఒకసారి ఆయనకన్నా కరడుగట్టిన కుర్రాడొకడు పోటీకి దిగి, ట్రాస్క్ మెతకబడ్డాడని ఊరంతా చాటితే, ఆయన ఓడిపోతారేమోనని నేనిక్కడ అన్నం సరిగ్గా తినలేదు. శ్రావ్యా, రాసి పెట్టుకో. చదివే మనిషిని అసహ్యించుకుంటే అంచనా తప్పుతుంది. ఇష్టపడితే ఇంకా ఎక్కువ తప్పుతుంది.

చేపల బిల్లు

ఇంతలో ట్రాస్క్ గారి జిల్లాలో ఒక సరస్సులో ఎవరి గాలానికో విదేశీ రాకాసి చేప పడింది. ఎవరో తొట్టిలో పెంచుకుని, అది బలిశాక తెచ్చి నీళ్ళలో వదిలేశారు. అది అక్కడి చేపల్ని మింగేస్తోందని ఊరంతా గగ్గోలు. వెంటనే బిల్లు తయారైంది. బయటి దేశంలో పుట్టిన బతికున్న చేపల్ని ఆ రాష్ట్రంలో ఎవరూ అమ్మకూడదు. రాకాసి చేపా, చిటికెన వేలంత గప్పీ, అన్నీ ఒకే గాటన కట్టేశారు. బిల్లు ట్రాస్క్ గారి కమిటీకి వెళ్ళింది. ఆయన ఊ అంటే పాసవుతుంది, ఊహూ అంటే అక్కడే ఆగిపోతుంది.

మా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన క్లయింటు ఎవరో కాదు, మా ఆయన పనిచేసే ఫారం యజమాని మిస్టర్ కో. ఆయన గప్పీలు ఎక్కువగా కొనేది ఆ రాష్ట్రంలోని వ్యాపారే. బిల్లు పాసైతే గప్పీల చెరువులు పూడ్చి ఆకుకూరలు వేసుకుంటానని, ఆ పనివాళ్ళని మాన్పించక తప్పదని కో చెప్పాడు. వాళ్ళలో మా ఆయన అందరికన్నా పెద్ద. ఆ వయసులో వేరే చోట ఎవరు పిలిచి పని ఇస్తారు? గప్పీలు తప్ప ఆయనకి ఇంకో లోకం తెలియదు.

నేను నేరుగా లిమ్ దగ్గరికి వెళ్ళి, "సార్, మా ఆయన ఉద్యోగం ఇందులోనే ఉంది. ఈ కేసు ఇంకెవరికైనా ఇవ్వండి," అన్నాను.

"ఇంకెవరికి తెలుసు ట్రాస్క్ గురించి? యూ డూ," అన్నాడు. కాస్త ఆగి, "బట్ ఇంట్లో ఒక్క మాట బయటపెట్టావా, యువర్ చెయిర్ ఈజ్ గాన్," అన్నాడు. అది మా ఆఫీసులో అందరికీ ఉన్న రూలే. అంచనా క్లయింటుకి చేరకముందు బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది. ఆ మాట ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పాను.

చెప్పాను గానీ, ఏం లాభం? రోజూ అన్నం దగ్గర విచారణ.

"ఏటే, మీవోడు ఏటంటాడు?"

"చెప్పకూడదు."

"చెప్పొద్దులే. అవునైతే ఊరగాయ వడ్డించు. కాదైతే మజ్జిగ పొయ్యి."

రెండూ వడ్డించకుండా లేచిపోయేదాన్ని. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "అప్పా, డోంట్ డిస్టర్బ్ అమ్మా లా. షీ విల్ గెట్ శాక్డ్ ఫస్ట్," అనేది.

నిజం చెప్పాలంటే నాకే తెలియదు. ట్రాస్క్ గారి రెండు నమ్మకాలు ఇందులో ఢీకొన్నాయి. నా ఇంట్లో నా తొట్టెలో ఏ చేప ఉంచుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదన్నది ఒకటి. తను చిన్నప్పట్నుంచి గాలం వేస్తున్న సరస్సు పాడవకూడదన్నది ఇంకొకటి. లిమ్ చెప్పిన మ్యాప్ పద్ధతి కూడా పనిచేయలేదు. ఆయన ఇంటి పెరట్లోంచి సరస్సు కనిపిస్తుంది, కొట్లో గాలాలూ అమ్ముతారు, తొట్టెలూ అమ్ముతారు.

ఆయన వచ్చారు

సరిగ్గా అప్పుడే ఆ రాష్ట్రం నుంచి వ్యాపార బృందం ఒకటి సింగపూర్ వచ్చింది. అందులో ట్రాస్క్ గారున్నారు. కో కాళ్ళావేళ్ళా పడి ఆయన్ని ఫారం చూడ్డానికి ఒప్పించాడు. దారిలో భోజనం పెట్టించి తీసుకెళ్ళే పని నామీద పడింది. మేం చదివే మనిషిని మేం కలవకూడదన్నది ఆఫీసులో ఇంకో రూలు. దాన్ని లిమ్ తనే గాలికి వదిలేశాడు. "జస్ట్ లంచ్, మేడమ్. ప్రెడిక్ట్ చెయ్యొద్దు. ఈట్ ఓన్లీ," అన్నాడు. కో కంపెనీ మనిషినని చెప్పుకోమన్నాడు.

హోటల్ మెట్ల దగ్గర ఆయన్ని చూడగానే నా గుండె పెళ్ళికూతురు గుండెలా కొట్టుకుంది. ఇన్నేళ్ళుగా గొంతు విన్నాను గానీ ఇంత పొడుగనుకోలేదు. మెట్లు దిగుతుంటే నొప్పి మోకాలి వైపుకి వెళ్ళి చెయ్యి అందించాను. ఆయన చిత్రంగా చూశారు. చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే వుడ్‌ల్యాండ్స్ హాకర్ సెంటర్‌లో నూడుల్స్ చెబుతూ రొయ్యలు వెయ్యొద్దన్నాను. ఈసారి ఆయన అడిగేశారు. "నాకు రొయ్యలు పడవని మీకెలా తెలుసు, మేడమ్?"

"మొహం చూస్తే తెలుస్తుంది సార్," అన్నాను.

ఆయన తన మొహం తడుముకున్నారు.

అంతకుముందు కారులో మా ఫ్లాట్లు చూస్తూ, ఇవన్నీ ఎవరు కట్టారని అడిగారు. ప్రభుత్వమే అన్నాను. ఇంతమందికీ ప్రభుత్వమే ఇళ్ళు కట్టిందా అని చాలాసేపు కిటికీలోంచి చూసి, గొంతు తగ్గించి, "ఇది సోషలిజమా?" అన్నారు.

"కాదు సార్. వుడ్‌ల్యాండ్స్," అన్నాను.

అసలు గొడవ భోజనం దగ్గర జరిగింది. నేను పళ్ళేలు తెచ్చేలోగా ఆయన ఒక ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, దాని మీదున్న టిష్యూ ప్యాకెట్ విప్పి మొహం, మెడ శుభ్రంగా తుడుచుకున్నారు. వచ్చినవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిందనుకున్నారట. ఇక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు మనదని అర్థం. చోప్ చెయ్యడం అంటారు. ఆ ప్యాకెట్ తాలూకు చైనీస్ ఆంటీ సూపు గిన్నె పట్టుకుని వచ్చి, చెమటతో తడిసిన తన హద్దురాయిని చూసి నిర్ఘాంతపోయింది.

నేను సంగతి చెప్పాను. ట్రాస్క్ గారు లేచి టోపీ తీసి ఆమెకి క్షమాపణ చెప్పారు. తర్వాత నూడుల్స్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు. "కంచె లేదు. దస్తావేజు లేదు. పోలీసు లేడు. ఒక కాగితపు రుమాలు పెట్టి వెళ్తే ఎవరూ ముట్టుకోరా?"

"ముట్టుకోరు సార్. మీరు తప్ప."

"నేను జీవితమంతా చెబుతున్నది ఇదే, మేడమ్," అన్నారు. ఆయన కళ్ళలో తడి చూశాను. మిర్చి వల్ల కూడా కావచ్చు.

కో పొగుడుకున్నాడు

క్రాంజీలో కో కొత్త చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. మా ఆయన తొట్టెల పక్కన చేతులు కట్టుకుని, నేనెవరో తెలియనట్టు నటిస్తున్నాడు. ఆ నటన ఎంత ఘోరంగా ఉందంటే, నాకు వంగి నమస్కారం పెట్టాడు.

గప్పీల్ని చూసి ట్రాస్క్ గారు ముగ్ధులైపోయారు. పిల్లాడిలా గాజుకి ముక్కు ఆనించి చూశారు. అంతా బాగా జరుగుతోంది. అప్పుడు కో నోరు విప్పాడు. జీవితమంతా బేరగాళ్ళతో మాట్లాడిన మనిషి, చేపల్ని ఎలా అమ్ముతాడో అలాగే మాట్లాడాడు.

"మై ఫిష్ వెరీ స్ట్రాంగ్, సర్. రెండు రోజులు ప్లేన్‌లో పడేసినా నెవర్ డై. ఎనీ వాటర్, క్యాన్. కోల్డ్ వాటర్ ఆల్సో క్యాన్. పిల్లలు పెట్టి పెట్టి పెట్టి, ఫుల్ అయిపోతుంది!"

నేను కళ్ళు మూసుకున్నాను. తన సరస్సులోకి చావని చేప వస్తుందేమోనని భయపడే మనిషికి చెప్పకూడని మాటలన్నీ ఏరి ఏరి చెప్పాడు. కళ్ళు తెరిచేసరికి ట్రాస్క్ గారి మొహంలో పిల్లాడు మాయమై చైర్మన్ వచ్చేశారు. కో చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "దీని గురించి ప్రార్థించి చూస్తాను," అన్నారు.

కో ఆనందం పట్టలేకపోయాడు. తనూ చర్చికి వెళ్ళే మనిషే. పనివాళ్ళందరికీ ముళ్ళ పనసలాంటి దురియన్ పళ్ళు తెప్పించాడు. మా ఆయన ఒక తొన పట్టుకుని, వెలిగిపోతున్న మొహంతో నా వైపు చూశాడు. ఆయన ఉద్యోగం పోయిందని ఆ ఫారంలో నా ఒక్కదానికే తెలుసు.

తిరుగు ప్రయాణంలో నేను వృత్తి ధర్మానికి నీళ్ళొదిలేశాను.

"సార్, మీరు ప్రార్థిస్తానంటే కాదని అర్థం," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు.

"తేనెటీగలవాళ్ళకీ అదే చెప్పారు. లైబ్రరీవాళ్ళకీ అదే చెప్పారు. వాళ్ళ పని జరగలేదు. కో చెప్పింది నమ్మకండి సార్. బేరం కోసం అలా అంటాడు. ఆ తొట్టెల దగ్గర నాకు దండం పెట్టినాయన మా ఆయన. ఒకసారి ఎంతో ముచ్చటపడి గిన్నెలో గప్పీల్ని ఇంటికి తెచ్చి ఏసీ కింద పెట్టాడు. తెల్లారేసరికి అన్నీ తేలాయి. ఏసీ గాలికే చచ్చేవి మీ సరస్సులో చలికాలం ఎలా బతుకుతాయి? అంత పనికిమాలిన చేపలు లోకంలో లేవు సార్."

మా ఆయన ప్రాణంగా పెంచుకున్నవాటిని నా నోటితో అలా అన్నందుకు నాకు ఏడుపొచ్చింది. ట్రాస్క్ గారు తన రుమాలు ఇచ్చారు.

నన్ను కళ్ళు తుడుచుకోనిచ్చి అన్నారు. "మీరెవరో నేనడగను, మేడమ్. మా ఆవిడకి కూడా తెలియని సంగతి మీకు తెలుసు. కానీ ఒకటి చెప్పండి. నేను నిజంగా ప్రార్థించాలనుకున్నప్పుడు ఏమనాలి?"

అన్నేళ్ళ చదువులో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

కమిటీలో

మర్నాడు లిమ్ రిపోర్టు అడిగాడు. కారులో జరిగింది పక్కన పెట్టి, తెలిసినదాన్ని బట్టి రాశాను. ఆయన ప్రార్థిస్తానన్నారు కాబట్టి బిల్లు పాసవుతుంది, గప్పీలు నిషేధంలోకి వస్తాయి. లిమ్ ఆ వాక్యం చదివి, నా మొహం చూసి, తలుపు దగ్గరికి వేశాడు. ముసాయిదా అతని సొరుగులో పడింది. కమిటీ ఓటు ముందు రోజుకి గానీ అది క్లయింటుకి వెళ్ళదు. అన్నాళ్ళూ నేను నోరు కుట్టేసుకోవాలి.

విచిత్రం ఏమిటంటే మా ఆయన అడగడం మానేశాడు. అన్నం దగ్గర ఊరగాయా లేదు, మజ్జిగా లేదు. తిని, చెయ్యి కడుక్కుని, టీవీ చూసేవాడు. కో మాటలు నమ్మి ధీమాగా ఉన్నాడనుకున్నాను.

ఓటు జరిగిన మర్నాడు పొద్దున రైల్లో విన్నాను. ట్రాస్క్ గారి గొంతు. బిల్లుకి ఒక సవరణ పెడుతున్నానని, మన రాష్ట్రం చలికి తట్టుకోలేని చేపలకి నిషేధం వర్తించదని చెప్పారు. ఎందుకని ఎవరో అడిగారు. "సింగపూర్‌లో ఒక ఇల్లాలు సొంత భర్త చేపల పరువు తీసి మరీ నాకు నిజం చెప్పింది. అలాంటి సాక్ష్యాన్ని నేను ఈ సభలో ఎప్పుడూ వినలేదు," అన్నారు. సభలో నవ్వులు. సవరణ గెలిచింది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ఆఫీసుకి వెళ్ళేసరికి లిమ్ కంప్యూటర్‌లో అదే ముక్క మోగుతోంది.

"హూ ఈజ్ దిస్ లేడీ?"

"తెలియదు సార్. సింగపూర్‌లో లేడీస్ చాలామంది ఉన్నారు."

"విత్ ఫిష్ హజ్బెండ్?"

లిమ్ ఆ ముక్క ఆపేసి, "యువర్ ప్రెడిక్షన్ రాంగ్, మేడమ్. నెక్స్ట్ టైమ్, రియల్లీ ఈట్ ఓన్లీ," అని తన పనిలో పడ్డాడు. ఆ మాట అతను మళ్ళీ ఎత్తలేదు. అందుకే ఇందాక అదృష్టం అన్నాను.

శ్రావ్యా, నువ్వు మాత్రం అలా చేయకు. చదివే మనిషితో మాట్లాడితే అతను మారిపోతాడు, నువ్వు రాసిందంతా అబద్ధమైపోతుంది. రూలు మంచిదే. మళ్ళీ అదే కారులో కూర్చుంటే నేను పాటిస్తానా అంటే, పాటించను.

ఇదంతా రాశాక నిన్న మా ఆయనకి చదివి వినిపించాను. తెలుగు చదవడం నేను ఆదివారం బళ్ళో నేర్చుకున్నాను, ఆయన ఆ బడి ఎగ్గొట్టి కాలవలో చేపలు పట్టాడు. ఏసీ గిన్నె సంగతి దగ్గర గుర్రుమన్నాడు గానీ, రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నాడు.

"నా పని పోద్దని నువ్వే రాసినావా?"

"రాశాను. నీకు చెప్పకూడదు కదా. నువ్వేమో అడగడం కూడా మానేసి నిశ్చింతగా కూర్చున్నావు."

"నిశ్చింతేటే," అన్నాడు. "నువ్వు ఫారం నుంచి వచ్చిన రోజు తడి తువ్వాలు పరుపు మీద పడేసినాను. నువ్వేటీ అన్లేదు. మర్నాడు బురద బూట్లతో వంటింట్లోకొచ్చినాను. అప్పుడూ అన్లేదు. పెళ్ళైన కాడ్నించి నన్ను తిట్టకుండా ఒక్క పూట ఉండలేని దానివి. అప్పుడే తెలిసిపోయినాది, నా పని అయిపోయినాదని."

"తెలిస్తే మరి అడగొచ్చు కదా!"

"అడిగితే నువ్వు చెప్పేసేదానివి," అన్నాడు. "చెప్పేస్తే నీ ఉద్యోగం కూడా పోయేది."